జోలె నుండి పళ్ళెం దాకా: ఒక విద్యార్థి ఋణం

తెలుగునాట పూర్వం పేదపిల్లవాని చదువు మూడు ఆధారాల మీద సాగేది. అవి వారం, మధూకరం, సత్రం. ఉపకార వేతనమనే మాట వాడుకలోకి రాకమునుపు ఎందరో పండితులు, న్యాయవాదులు, సంగీత విద్వాంసులు ఈ మూడింటి బలంతోనే విద్య గడించారు. నేటి తల్లిదండ్రులలో చాలామందికి ఇవి తాతగారి నోట విన్న మాటలే తప్ప అనుభవంలోనివి కావు. కనుక వాటిని కొంచెం వివరించవలసి ఉన్నది.

వారాలు చేసుకొనడమంటే ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకొనడం. ఆదివారం ఒక ప్లీడరుగారి ఇంట భోజనమైతే సోమవారం ఒక కరణంగారి ఇంట, మంగళవారం వేరొకరి ఇంట. పిల్లవాడు వేళకు వెళ్ళాలి. పిలిచేదాకా అరుగు మీద కూర్చోవాలి. పెట్టినది తిని, విస్తరి తానే తీసి, వీలైతే ఆ ఇంటికి ఏదైనా చిన్న పని చేసి రావాలి. ఆ ఇంట పురుడో మైలో వచ్చినా, ఇంటివారు ఊరికి వెళ్ళినా ఆ పూట పస్తే. ఏడు ఇళ్ళు దొరకనివాడు దొరికిన అయిదింటితోనే సరిపెట్టుకొని తక్కిన రెండు రోజులు మంచినీళ్ళతో గడపవలసిందే. ఇన్ని చిక్కులున్నా వారాల పిల్లవానికి ఆ ఇంట ఒక పేరు ఉంటుంది, కూర్చునే చోటు ఉంటుంది, ‘ఈవేళ వాడి వారం’ అని జ్ఞాపకం పెట్టుకొనే ఇల్లాలు ఉంటుంది.

మధూకరం ఇంతకంటె కఠినమైనది. తేనెటీగ పూవుపూవు నుండీ మధువు కూర్చుకొన్నట్లు ఇంటింటి ముందు నిలిచి అన్నం కూర్చుకొనడం కనుక దానికా అందమైన పేరు వచ్చింది. పేరులోని అందం ఆచరణలో లేదు. భుజాన జోలె కట్టుకొని వాకిట నిలబడాలి. ఒక ఇంటి పప్పు, మరొక ఇంటి పులుసు, ఇంకొక ఇంటి పెరుగన్నం ఒకే గుడ్డలో కలిసిపోతాయి. కొందరు ఆదరంగా వేస్తారు, కొందరు విసుక్కుంటూ వేస్తారు, కొందరు తలుపే తీయరు. ఇక సత్రమంటే జమీందారులో దేవస్థానాలవారో నడిపే ధర్మభోజనశాల. అక్కడ పేరు నమోదైతే అదృష్టం.

ఈ పద్ధతులను తలచుకొని ‘ఆ రోజులే వేరు’ అని మురిసిపోయేవారు ఒక సంగతి మరువరాదు. ఈ ఆదరణ అందరి పిల్లలకూ దక్కినది కాదు. వారమిచ్చే ఇల్లు మొదట అడిగేది కులమూ గోత్రమూను. ఊరి చివర పుట్టిన పిల్లవాడు ఎంత తెలివిగలవాడైనా ఆ అరుగు మీద కూర్చోగలిగేవాడు కాడు. అతనికి తరువాతి కాలంలో మిషనరీ పాఠశాలలు, ప్రభుత్వ వసతి గృహాలు కొంత దారి చూపాయి. పూర్వపు ఔదార్యం గొప్పదే, కాని దాని వాకిలి ఇరుకైనది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పుకొంటేనే ఆ చరిత్ర పూర్తిగా చెప్పినట్లు.

వారమూ మధూకరమూ రెండింటి రుచీ చూసి, నింద పడి, ఆకలి పడి, అదే ఊరిలో తిరిగి ఆదరణ పొంది, ఆ ఋణాన్ని జీవితాంతం పైకి చెప్పుకొన్న ఒక విద్యార్థిని తెలుగువారందరూ ఎరుగుదురు. ఆయన కంఠం వినని తెలుగు ఇల్లు లేదు. ఆయన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు. ముప్ఫై ఏళ్ళ పాటు మద్రాసు నగరవాసిగా, ఇక్కడి తెలుగువారికి ఇరుగుపొరుగుగా మెలిగినవారు. ఆయన పాటలను గూర్చి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. ఇక్కడ ప్రస్తావన ఆయన చదువును గూర్చి, ఆ చదువుకు అన్నం పెట్టిన ఊరిని గూర్చి మాత్రమే.

ఆ ఊరు విజయనగరం. విద్యార్థికి నీడనివ్వడం ఆ ఊరికి అప్పటికే అలవాటైన సంగతి. పూసపాటి ప్రభువుల పాఠశాల 1879లో కళాశాల స్థాయికి పెరిగింది. దాని ప్రధానాచార్యులు చంద్రశేఖర శాస్త్రిగారు చదువుకోవడానికి వచ్చిన గురజాడ అప్పారావుగారికి ఉచితంగా భోజన వసతులు కల్పించి ఆదుకొన్నారు. ఆ గురజాడే 1884లో 25 రూపాయల జీతం మీద ఆ విద్యాసంస్థలోనే ఉపాధ్యాయులైనారు. తెలుగు సాహిత్యచరిత్రలో చంద్రశేఖర శాస్త్రిగారి పేరుకు ఒక పంక్తి కంటె ఎక్కువ చోటు దొరకదు. ఆ ఒక్క పంక్తిలో ఎన్ని పూటల భోజనం ఉన్నదో లెక్కకట్టినవారు లేరు.

అదే ఊరిలో 1919లో విజయరామ గజపతి మహారాజావారు సంగీత పాఠశాలను నెలకొల్పారు. దానికి విజయరామ గాన పాఠశాల అని పేరు. దాని పుట్టుకకు కారణమైన కథ ఎంతో మనోహరమైనది. దివాణంలో కొలువు చేస్తున్న ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు. అతనికి సంగీతం మీద మక్కువ. ఆ ఒక్క పిల్లవానికి చదువు చెప్పించమని ప్రభువును ఆశ్రయిస్తే, ఒక్కనికి గురువును నియమించడానికి బదులు అటువంటివారందరికీ పనికివచ్చే పాఠశాలనే పెట్టించారని ఆ ఊరివారు నేటికీ చెప్పుకొంటారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు.

ఆ తొలి సంవత్సరంలోనే మరొక విశేషం జరిగింది. బెంగుళూరులో 1893లో జన్మించి విశాఖపట్టణంలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని విజయనగరం వచ్చారు. చూపు మందగించినందున చిన్ననాడు బడిచదువు మానుకొన్నవారాయన. ఆయన ఫిడేలు విన్న పెద్దలు విద్యార్థిగా చేర్చుకొనడం మాని, వాయులీన ఆచార్యులుగానే నియమించారు. అప్పుడాయన వయస్సు పాతికేళ్ళు. నల్లబల్ల కనబడక బడి మానినవానికి ఒక బడిలో ఆచార్య పీఠం దక్కింది. కళ్ళులేని బాలుని కోసం పుట్టిన పాఠశాలకు అది తగిన ప్రారంభమే. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే అధ్యక్షులైనారు.

ఇక మన విద్యార్థి సంగతి. ఘంటసాల 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. పసివాణ్ణి భుజాన ఎక్కించుకొని భజన గోష్ఠులకు తీసుకొనిపోయేవారు. తండ్రి తరంగాలకు అడుగులు వేసే ఆ బాలుణ్ణి ‘బాల భరతుడు’ అని ముద్దుగా పిలిచేవారట. పదకొండేళ్ళ వయస్సుకే తండ్రి పోయారు. పోతూ పోతూ కొడుకుకు ఆస్తిగా అప్పగించినది ఒక్క కోరిక: సంగీత విద్వాంసుడవు కావాలని. ఆ కుటుంబానికి అండగా మేనమామ నిలిచారు.

కోరిక అప్పగించినంత సులువు కాదు నేర్చుకొనడం. కొందరు సంగీతజ్ఞుల ఇళ్ళలో శుశ్రూష చేస్తూ ఆ బాలుడు బట్టలు ఉతికాడు, వంట చేశాడు. నేర్చిన పాఠాలకంటె చేసిన చాకిరీయే ఎక్కువ. ఒక సభలో విద్వాంసులతో పోటీపడి పాడబోయి నవ్వులపాలైనాడు. ఆ అవమానంతో పట్టుదల పెరిగింది. విజయనగరంలో సంగీత కళాశాల ఉన్నదని తెలిసి, ఇంట చెప్పకుండా, చేతి ఉంగరాన్ని అమ్ముకొని ప్రయాణమైనాడు. నలభై రూపాయల ఉంగరం ఎనిమిది రూపాయలకు పోయిందని ఆయన జీవితకథ వ్రాసినవారు చెబుతారు. గడపదాటిన పిల్లవాని అవసరాన్ని కనిపెట్టిన కొనుగోలుదారు అన్ని ఊళ్ళలోనూ ఉంటాడు.

వచ్చేసరికి వేసవి సెలవులు. కళాశాల మూసి ఉన్నది. అయినా అధ్యక్షులను వేడుకొనగా ఆవరణలో తలదాచుకొనడానికి అనుమతి లభించింది. సెలవుల్లో తలుపు తట్టిన పిల్లవానికి ‘జూన్‌లో రా’ అని చెప్పడం సులభం. నిబంధన కూడా అదే చెబుతుంది. ఆ సులభమైన మాట చెప్పకపోవడమే ఆ బాలుని జీవితంలో మొదటి మేలు. ఊరిలో వారాలు కుదిరాయి. రోజుకొక ఇంట భోజనం.

అంతలో విఘాతం కలిగింది. తోటి విద్యార్థులు చేసిన తప్పు ఒకటి ఇతని మీద పడింది. కళాశాల ఆవరణ విడిచిపొమ్మన్నారు. ఆ వార్త ఊరిలో పాకగానే వారాలిచ్చే ఇళ్ళవారు కూడా ఇక రావద్దన్నారు. ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగి ఆలోచించదగినది ఉన్నది. వారం అన్నది మంచిపేరు మీద దొరికే అన్నం. పేరు పోయిన మరునాడే అన్నమూ పోయింది. పిల్లవాడు తప్పు చేశాడా లేదా అని విచారించే ఓపిక ఏడు ఇళ్ళలో ఒక్కరికీ లేకపోయింది. వారు చెడ్డవారు కారు, అంతవరకూ పెట్టినవారే. కాని దయ మీద నిలిచిన చదువు ఎంత సన్నని దారం మీద వేలాడుతుందో ఆ ఒక్కరోజు చూపింది.

ఊరికి తిరిగిపోదామంటే ముఖం చెల్లదు. ఊరిలో ఉందామంటే నిలువ నీడ లేదు. ఎల్లమ్మ గుడిలో ఆ బాలుడు తలదాచుకొన్నాడు. ఆ గుడికి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రిగారు అతన్ని చూశారు. శాస్త్రిగారు ఆ కళాశాలలోనే గాత్ర సంగీతం బోధించేవారు. సాలూరులో పెద్దగురువుగారని పేరొందిన నరసింహశాస్త్రిగారి కుమారులు కనుక ఆయనను సాలూరు చిన్నగురువుగారు అనేవారు. హార్మోనియం తామే వాయించుకొంటూ పాడటం ఆయన పద్ధతి. విద్వత్ సభలలో హార్మోనియానికి గౌరవం తక్కువైన రోజులవి. ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది కూడా. ఆయన మాత్రం దానిని విడువలేదు.

శాస్త్రిగారు పిల్లవాని కథ విన్నారు. ఊరిమాట అందరి చెవినా పడింది, పిల్లవాని మాటను మాత్రం ఆయన ఒక్కరే కూర్చోబెట్టి అడిగి తెలుసుకొన్నారు. తమ ఇంట ఉచితంగా సంగీతం చెబుతానన్నారు. ఉపకార వేతనమంటే నెలనెలా వచ్చే రూకలే అనుకొనేవారికి ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. నింద మోస్తున్న విద్యార్థిని ఒక ఉపాధ్యాయుడు తన ఇంటి గడప లోపలికి పిలవడం ఆ ఊరిలో ఆ రోజున చిన్న సంగతి కాదు. దానితో ఆయన తన పేరును కూడా ఆ పిల్లవాని పేరుతోపాటు పణంగా పెట్టారు.

అయితే శాస్త్రిగారు పేదవారు. విద్య పెట్టగలరు గాని అన్నం పెట్టలేరు. వారాలు పోయిన పిల్లవానికి మిగిలినది మధూకరం. ఒక సాధువు అతనికి జోలె కట్టి ఆ పద్ధతి నేర్పాడని చెబుతారు. ఆ జోలెలో తొలి భిక్ష వేసిన తల్లి సరిదె లక్ష్మీనరసమ్మగారని విజయనగరంలో ప్రసిద్ధి. ‘కళావర్ రింగ్’ అన్న పేరుతో గానంలోనూ నాట్యంలోనూ కీర్తి గడించిన కళావతి ఆమె. ఆమె పుట్టిన కులపు స్త్రీల పాటకు పెళ్ళిళ్ళలో, సభలలో పెద్దపీట వేసినవారే, వారిని తమ ఇళ్ళ లోపలికి రానిచ్చేవారు కారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం చేసేనాటికి ఆ కళాకారిణుల ఆదరువులు చాలావరకు చెదిరిపోయాయి. సంఘం దూరంగా నిలిపిన ఇంటి నుండి ఆ బాలునికి తొలి కబళం అందింది. గౌరవనీయమైన ఇళ్ళు అప్పటికే తలుపు మూశాయి.

జోలె కట్టి తిరిగితే రెండు పూటలకు సరిపడే అన్నం దొరికేది. పగలు తిన్నది తినగా మిగిలినది గుడ్డలో మూటకట్టి రాత్రికి ఉంచుకొంటే చీమలు పట్టేవి. మేనమామ పంపిన డబ్బుతో ఒక డబ్బా కొని అందులో అన్నం దాచుకొన్నాడు. సంగీత విద్యార్థి చేతికి డబ్బు అందితే శ్రుతిపెట్టె కొనుక్కోవాలని ఉంటుంది. ఇతడు కొన్నది అన్నం డబ్బా. ఇంట కొడుకు పంపిన ఉత్తరంలో డబ్బా అని ఉంటే తల్లికి ఏమి అర్థమై ఉంటుందో ఊహించవచ్చు. వ్యాసనారాయణ మెట్ట మీద అతడు సాధన చేసేవాడు. ఊరికి కొంచెం ఎడంగా ఉండే ఆ చోట గొంతు విప్పితే అభ్యంతరపెట్టేవారు ఉండరు.

సెలవులు ముగిసి కళాశాల తెరిచారు. వెళ్ళగొట్టిన ఆ ఆవరణలోకే అతడు విద్యార్థిగా ప్రవేశించాడు. శాస్త్రిగారి శిక్షణలో నాలుగేళ్ళ పాఠాన్ని రెండేళ్ళలో ముగించాడు. తప్పు సరిదిద్దుకొనే గుణం ఒక విద్యాసంస్థకు ఉండవలసిన మొదటి గుణమైతే ఆ కళాశాల ఆ పరీక్షలో ఉత్తీర్ణమైనట్లే.

తరువాతి చరిత్ర చాలావరకు తెలిసినదే. స్వగ్రామం చేరి ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో పాడుతూ, పాఠాలు చెబుతూ, 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో చేరి ఘంటసాల జైలుకు వెళ్ళారు. విడుదలైన పిదప సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. ఆచార్యులవారి ఇల్లు చిన్నది. ఆ ఇరుకులో వారిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, పానగల్ పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలిచ్చే ఒప్పందం మీద రాత్రులు అక్కడే పడుకొనేవారు. పగలంతా అవకాశాల కోసం తిరుగుట, రాత్రి పార్కు బల్ల.

ఆ పార్కు పేరు వద్ద ఒక ముచ్చట. 1921 నుండి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా పనిచేసిన పానగల్ రాజావారు, పానగంటి రామరాయణింగారు, కాళహస్తి ప్రాంతపు తెలుగువారు. పార్కు చుట్టూ ఉన్న పేట పేరు త్యాగరాయనగర్. అది తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు. ఆయన మద్రాసు నగరపాలక సంస్థ అధ్యక్షులుగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. పిల్లవానికి రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు పెట్టవచ్చునని అప్పటి తీర్మానం. భోజనం పెట్టకపోతే బడికి పిల్లలు రారని, వచ్చినా నిలవరని ఆ పాలకులు గ్రహించారు. ఇతర పాఠశాలలకు విస్తరించిన ఆ ఏర్పాటు 1925లో ప్రభుత్వపు అభ్యంతరాల వల్ల ఆగి, రెండేళ్ళకు మళ్ళీ మొదలైంది. కామరాజుగారు 1956లో దానిని రాష్ట్రమంతటా వ్యాపింపజేశారు. 1982లో ఎం.జి.రామచంద్రన్‌గారు పోషకాహార పథకంగా విస్తరించారు. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలన్నింటిలోనూ వండిన భోజనం పెట్టవలసిందేనని దేశమంతటికీ ఆదేశించింది.

విజయనగరంలో జోలె పట్టిన యువకుడు, బడిలో పిల్లల ముందు పళ్ళెం పెట్టిన తొలి పెద్దమనిషి పేరు మోస్తున్న పేటలో, ఆ సంగతి ఎరిగినా ఎరుగకపోయినా, రాత్రి నిద్రపోయాడు. జోలెకూ పళ్ళేనికీ భేదం ఉన్నది. జోలె నిండాలంటే పిల్లవానికి మంచిపేరు ఉండాలి, కులం ఉండాలి, ఇల్లాలికి ఆనాడు మనస్సు బాగుండాలి. బడిలోని పళ్ళేనికి ఇవేవీ అవసరం లేదు. తప్పు చేశాడని నింద పడిన పిల్లవానికి కూడా ఆ పూట అందులో అన్నం పడుతుంది. ఉపకార వేతనమనే మాటలో ‘ఉపకారం’ ఇంకా మిగిలే ఉన్నది. ఆ మాట పెట్టినవారు జోలె కాలపువారు కాబోలు.

అయినా పళ్ళెం ఒక్కటే చాలునా అని ఎవరైనా అడిగితే, ఘంటసాలగారి తరువాతి నడతే జవాబు. ఎల్లమ్మ గుడిలో పలకరించిన గురువుగారిని ఏ పథకమూ సమకూర్చలేదు.

1945లో ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో కలిసి పాడిన యువకునికి కొద్ది ఏళ్ళలోనే పేరు వచ్చింది. 1951లో ‘పాతాళభైరవి’, 1953లో ‘దేవదాసు’ తరువాత ఆ పేరు ఇంటింటి పేరైంది. పేరు వచ్చిన తరువాత పేదరికపు రోజులను కప్పిపుచ్చుకొనేవారు లోకంలో ఎక్కువ. బిచ్చమెత్తి చదివానని చెప్పుకొనడం ఎవరికీ సుఖంగా ఉండదు. ఘంటసాలగారు ఆ రోజులను దాచలేదు. ఈ వ్యాసంలోని జోలె, చీమలు, డబ్బా లోకానికి తెలిశాయంటే ఆయన చెప్పుకొన్నందువల్లనే. గురువెవరని అడిగినప్పుడల్లా సీతారామశాస్త్రిగారి పేరే చెప్పేవారు. లక్ష్మీనరసమ్మగారికి, తాను గొప్పవాడైన పిదప, పాదాభివందనం చేసి నూతన వస్త్రాలు సమర్పించారని విజయనగరంవారు ఆప్యాయంగా చెప్పుకొంటారు. సంఘం దూరంగా ఉంచిన ఒక స్త్రీ పాదాలను ఆ ఊరివారందరి ఎదుట తాకడం వట్టి మర్యాద కాదు. ఏడు ఇళ్ళ తలుపులకు అది ఆయన ఇచ్చిన మౌనమైన జవాబు అనుకొన్నా తప్పులేదు. ఆయన మాత్రం ఆ ఇళ్ళను ఎన్నడూ నిందించినట్లు కనబడదు.

కృతజ్ఞత మాటలతో తీరేది కాదని ఆయనకు తెలుసు. గురువుగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు 1920లో జన్మించారు. ఘంటసాలకు కొంచెం పెద్ద. విజయనగరం రోజుల నుండీ తెలిసినవారు. వారు మద్రాసు వచ్చి ఘంటసాలగారి వద్ద హార్మోనియం వాదకులుగా, సంగీత సహాయకులుగా చేరారు. త్యాగరాయనగరం ఉస్మాన్ రోడ్డులోని ఘంటసాలవారి ఇంటి ఆవరణలోనే సంగీతరావుగారి కుటుంబం చాలాకాలం కాపురముంది. చిత్రాలకు బాణీలు కట్టేటప్పుడు, కచేరీలకు ఊళ్ళు తిరిగేటప్పుడు ఆయన పక్కనే ఉండేవారు. శిష్యుడు యజమాని, గురుపుత్రుడు ఉద్యోగి. ఇటువంటి సంబంధంలో అహం తొంగిచూడడానికి ఎన్ని సందులున్నాయో లోకం ఎరిగినవారు చెప్పనక్కర లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ సంబంధం చెడకుండా నిలిచింది. గురువుగారింట ఉచితంగా నేర్చిన పాఠానికి శిష్యుడు చెల్లించిన రుసుము ఇది. అది రశీదు లేని రుసుము.

ఘంటసాలగారి ఇంటికి అవకాశాల కోసం మద్రాసు వచ్చే తెలుగు యువకులు వస్తూ పోతూ ఉండేవారు. భోజనవేళకు వచ్చినవారు తినకుండా వెళ్ళేవారు కారని ఆ ఇల్లు ఎరిగినవారు చెప్పేవారు. ఆ గృహిణి సావిత్రిగారికి ఎన్ని విస్తళ్ళు వేయాలో ముందుగా తెలిసేది కాదు. వారానికి ఒక పేరు చొప్పున పంచుకొన్న ఏడు ఇళ్ళ పని ఆ ఒక్క ఇల్లు చేసినట్లుంది.

1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులోనే కన్నుమూశారు. చివరి రోజులలో పాడిన భగవద్గీత ఆయన పోయిన తరువాత విడుదలై నేటికీ తెలుగు ఇళ్ళలో వినిపిస్తూనే ఉన్నది. 2003లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించింది. విజయనగరం కళాశాల ఇప్పుడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. 2019లో దానికి నూరేళ్ళు నిండాయి.

సంగీతరావుగారు ఆ తరువాత వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చి, తమకంటూ ఒక పేరు తెచ్చుకొన్నారు. 2021లో, నూరేళ్ళు నిండిన తరువాత, వారు పరమపదించారు. తండ్రిగారింటికి జోలె భుజాన వేసుకొని పాఠానికి వచ్చిన కుర్రవాణ్ణీ, ఉస్మాన్ రోడ్డు ఇంట అతిథులకు వడ్డన అయ్యేదాకా నిలుచున్న గృహస్థునూ ఒకే కంటితో చూసినవారు వారు.